1,499 నుంచి మొదలట

నిరుడు జనవరి చివరి వారంలో ఒక ఉదయం, బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటికి వచ్చే తెలుగు దినపత్రిక మొదటి పేజీ మొత్తం ఒక విమానయాన సంస్థ ప్రకటనతో నిండి వచ్చింది. పేజీకి అడ్డంగా, అరచేయంత అంకెల్లో 1,499 అని ఉంది. దాని పక్కన ఒక చిన్న నక్షత్రం గుర్తు, ఆ గుర్తు కంటే కాస్త పెద్ద అక్షరాల్లో ‘నుంచి మొదలు’ అన్న మాట ఉన్నాయి. కంటి శుక్లం ఆపరేషను కోసం సంక్రాంతి తరువాత మా దగ్గరికి వచ్చి ఉన్న నాన్నగారు నల్ల కళ్లద్దాలలోంచి కూడా చదవగలిగిన వార్త ఆ రోజు అదొక్కటే. “అమ్మాయ్, ముగ్గురికీ కలిపి నాలుగున్నర వేలు కూడా కాదు, ఇక బస్సెందుకు?” అన్నారు.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మడివాళలోనో మారతహళ్లిలోనో రాత్రి బస్సెక్కితే విజయవాడ చేరేసరికి పన్నెండు గంటలు దాటుతుంది, అక్కడి నుంచి తెనాలికి మళ్లీ మరో బస్సు. రైలులో కింది బెర్తులు అప్పటికే అయిపోయాయి. ఆపరేషను అయిన కంటితో ఆయన, మోకాళ్ల నొప్పులతో అమ్మ, వారిద్దరినీ దిగబెట్టి రావలసిన నేను, ముగ్గురం గన్నవరం దాకా విమానంలో వెళ్లడమే మేలని అందరికీ తోచింది. పండుగ తొందర లేదు, ఫలానా రోజే బయలుదేరాలన్న పట్టింపు లేదు. ఫిబ్రవరిలో ఏ రోజైనా, ఏ వేళైనా సరే. ఇంతకంటే వెసులుబాటు ఉన్న ప్రయాణికులు ఏ సంస్థకూ దొరకరు.

నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. బిల్లులోని ప్రతి పద్దుకూ ఆధారం ఉందా లేదా అని చూడడమే నా రోజువారీ పని గనుక, ఆ సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని చేసినదంతా అలవాటు కొద్దీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఫిబ్రవరిలోని ఇరవై ఎనిమిది రోజుల్లో బెంగళూరు నుంచి విజయవాడకు 1,499 ఛార్జీ ఒక్క రోజు కూడా కనిపించలేదు. అన్నిటికంటే తక్కువగా, ఒక మంగళవారం నాడు, మనిషికి 3,184 ఉంది. ప్రకటన అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న షరతులను ఫోనులో ఫొటో తీసి పెద్దవి చేసి చదివాను. ఆ ధర ఎంపిక చేసిన కొన్ని మార్గాలకే, పరిమిత సంఖ్యలో సీట్లకే, అదీ సంస్థ విచక్షణ మేరకే వర్తిస్తుందని ఉంది. ఆ మార్గాలేవో, ఆ సీట్లెన్నో లేదు. ఇంకొక సంగతి కూడా అప్పుడే గమనించాను: ప్రకటన అంతా తెలుగులో ఉంది, షరతులు మాత్రం ఇంగ్లీషులో ఉన్నాయి. జీవితమంతా తెలుగులోనే లెక్కలు రాసిన మనిషికి ఆశ పెట్టే భాగం ఆయన భాషలోనూ, ఆశ తీసేసే భాగం ఆయనకు రాని భాషలోనూ అచ్చయ్యాయన్న మాట.

సరే, 3,184 చొప్పున ముగ్గురికి 9,552 రూపాయలు. తరువాతి తెరలో ప్రయాణ బీమా కింద మనిషికి 199 ముందుగానే టిక్కు పెట్టి ఉంది. దాన్ని తీసేయబోతే, నా ప్రయాణానికి ఎటువంటి రక్షణా అవసరం లేదని నేనే ఒప్పుకుంటున్నట్టు రాసి ఉన్న మీటను నొక్కవలసి వచ్చింది. ఆ తరువాతి తెర సీట్లది. మనిషికి 250 చొప్పున కట్టకపోతే అమ్మ ఒక చోట, నాన్నగారు పదమూడు వరుసల వెనుక ఇంకొక చోట కూర్చోవలసి వస్తుందేమోనన్న బెదురు కలిగేలా ఆ పటాన్ని వేశారు. వద్దని దాటవేసే మాట పేజీ అట్టడుగున, లేత బూడిద రంగులో ఉంది. చివరికి డబ్బు కట్టే పేజీకి చేరాక, అంతవరకు ఎక్కడా కనిపించని కన్వీనియన్స్ ఫీజు మనిషికి 350 చొప్పున వచ్చి కలిసింది. అన్నిటికీ తల ఊపుతూ పోయి ఉంటే 11,949 అయ్యేది. బీమా, సీట్లు తీసేశాక 10,602 అయింది. ప్రకటన ప్రకారం నాన్నగారు వేసిన లెక్క 4,497.

పది వేల ఆరు వందలని చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “మరి పేపర్లో వేసిన ఆ ధర ఎవరికి?” అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

నాన్నగారికి తెనాలిలో నలభై ఏళ్లపాటు బట్టల కొట్టు ఉండేది. గల్లా వెనుక గోడకు ‘ఒకే ధర – బేరము లేదు’ అన్న బోర్డు వేలాడేది. నిజానికి బేరం జరిగేది. పెళ్లి బట్టలకు వచ్చిన వారితో బేరమాడకుండా తెనాలిలో ఏ కొట్టూ నడవదు. అయితే ఆ బేరంలో ధర కిందికి దిగడమే తప్ప పైకి ఎక్కడం ఉండేది కాదు. గుడ్డ కొలిచాక కత్తెర మరో జానెడు అవతల పెట్టడం, కూరగాయలు తూచాక గుప్పెడు కరివేపాకు పైన వేయడం మన బజార్లలో మర్యాద. దానికి కొసరు అని పేరు. కొసరు ఎప్పుడూ అమ్మేవాడు కొనేవాడికి ఇచ్చేది. విమాన టికెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తలకిందులైంది: ధర ఒప్పుకున్న తరువాత కొసరు కొనేవాడే ఇచ్చుకోవాలి, అదీ మూడు నాలుగు విడతల్లో, ప్రతి విడతకూ వెనక్కి పోవడం మరింత కష్టమయ్యే వరసలో.

ఈ వ్యవహారంలో నాకు కోపం తెప్పించేది చౌక టికెట్టు కాదని ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే చౌక టికెట్టు కథ మొదలైనదే ఈ ఊళ్లో. విమానయానాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసిన ఎయిర్ కార్పొరేషన్ల చట్టాన్ని 1994లో రద్దు చేశాక దేశీయ ఛార్జీలను నిర్ణయించుకునే స్వేచ్ఛ సంస్థలకు వచ్చింది. కెప్టెన్ గోపీనాథ్ 2003లో బెంగళూరు కేంద్రంగా ఎయిర్ డెక్కన్ ప్రారంభించి, ఆర్.కె.లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మను గుర్తుగా పెట్టుకుని, ఒక్క రూపాయి టికెట్టు అని చాటినప్పుడు దేశమంతా నవ్వింది, ఆ తరువాత వరుసలో నిలబడింది. మా పెదనాన్నగారు మొదటిసారి విమానం ఎక్కినది ఆ రోజుల్లోనే, పాత హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం నుంచి. ఆ రూపాయికి పన్నులు, ఫీజులు అదనమని ఆయన కూడా తరువాతే తెలుసుకున్నారు, కానీ అన్నీ కలిపినా ఏసీ రైలు టికెట్టుకు దగ్గరగానే ఉండడంతో పట్టించుకోలేదు. లక్షలాది మందిని మొదటిసారి ఆకాశానికి ఎత్తిన ఆ స్వేచ్ఛను వెనక్కి తీసుకోవాలని నేను అనను.

అయితే ఆ ఒక్క రూపాయితోనే మరొక అలవాటు కూడా పుట్టింది. ప్రకటనలో చూపేది ఒకటి, వసూలు చేసేది దానికి మరికొన్ని కలిపి. 2006లో ఫ్యూయల్ సర్‌ఛార్జి అన్న పద్దు వచ్చింది. ఇంధనం లేకుండా ఎగిరే విమానం ఏదీ లేనప్పుడు ఇంధనం ఖర్చు టికెట్టు ధరలో భాగం కాక వేరే పద్దు ఎందుకవుతుందో నా అకౌంట్స్ చదువు నాకు చెప్పలేదు. ప్రకటనలో బేస్ ఫేర్‌ను, అంటే పన్నులు, రుసుములు కలపని మూల ఛార్జీని, చిన్నదిగా చూపడానికి అది బాగా పనికివచ్చిందన్నది మాత్రం స్పష్టం. సరుకు రవాణాలో ఆ సర్‌ఛార్జిని కూడబలుక్కుని పెంచారంటూ, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2015లో మూడు సంస్థలకు సుమారు 258 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2018లో కేసు మళ్లీ విని ఆ మొత్తాన్ని బాగా తగ్గించింది. 2014 ఏప్రిల్ 1న స్పైస్‌జెట్ ఒక్క రూపాయి బేస్ ఫేర్ అని అమ్మకం తెరిస్తే, ఆపమని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ఆదేశించింది. ఏప్రిల్ ఒకటో తేదీ కావడంతో చాలామంది ఆ ప్రకటననూ, ఆ ఆదేశాన్నీ కూడా పరిహాసమే అనుకున్నారు. 2023 అక్టోబరులో ఇండిగో దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 రూపాయల దాకా ఇంధన ఛార్జీని మళ్లీ విడిగా తెచ్చి, మరుసటి జనవరిలో తీసేసింది.

ఇప్పటి ప్రకటనల్లో చాలావాటిలో పన్నులన్నీ కలిపే చూపుతున్నారన్నది కూడా నిజం. వేసిన ధరలో ఎకానమీ టికెట్టుపై 5 శాతం జీఎస్టీ, విమానాశ్రయం తీసుకునే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, భద్రతా రుసుము కలిసే ఉంటాయి. కానీ నీరు పల్లమెరుగునన్నట్టు, ఒక గండి పూడిస్తే డబ్బు మరో గండి వెతుక్కుంది. 2013లో డీజీసీఏ కొన్ని సేవలను టికెట్టు నుంచి విడదీసి అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చింది: నచ్చిన సీటు, భోజనం, చెక్-ఇన్ సామాను వంటివి. ప్రయాణికుడు తానుగా కోరితేనే అవి చేర్చాలి, ముందే చేర్చి ఉంచి వద్దంటే తీసేసే పద్ధతి కూడదని ఆ అనుమతిలోనే షరతు ఉంది. నేను చూసిన ముందస్తు టిక్కు ఆ షరతు పెట్టిన పన్నెండేళ్ల తరువాత కూడా తెరపై హాయిగా కూర్చుని ఉంది. ఇక కన్వీనియన్స్ ఫీజు సంగతి. సంస్థ సొంత వెబ్‌సైటులో, నా కరెంటు, నా ఇంటర్నెట్టు వాడుకుని, నా వేలితో నేనే టికెట్టు రాసుకున్నందుకు తీసుకునే రుసుము అది. ఒకే లావాదేవీలో ముగ్గురికి టికెట్టు కొంటే సౌకర్యం మూడింతలు ఎలా అయిందో ఎవరూ వివరించరు. దాన్ని తప్పించుకునే దారి మామూలు ప్రయాణికుడికి తేలికగా కనబడదు గనుక, నా దృష్టిలో అది ఛార్జీయే. ప్రకటనలోని అంకెలో ఉండవలసినదే.

ఇక నాన్నగారి ప్రశ్న. మా అపార్టుమెంటులో కింది అంతస్తులో ఉండే ఒక స్నేహితుడు విమానయాన సంస్థలకు ఛార్జీలు నిర్ణయించే సాఫ్ట్‌వేరు తయారీలో పనిచేశాడు. అతడు చెప్పినదాన్ని బట్టి, ఒక విమానంలోని సుమారు 180 ఎకానమీ సీట్లను పది పదిహేను అరలుగా ఊహించుకోవాలి. ఒక్కో అరకు ఒక ఇంగ్లీషు అక్షరం పేరు, ఒక ధర. అట్టడుగు అరలో కొద్ది సీట్లే పెడతారు. అవి అయిపోగానే పై అర తెరుచుకుంటుంది. గిరాకీ బాగుంటుందని లెక్క తేలిన రోజున అట్టడుగు అరను అసలు తెరవనే తెరవరు. ప్రకటనలో కనిపించేది మాత్రం దేశమంతటా, అన్ని మార్గాల్లో, అన్ని రోజుల్లో ఉన్న అరలన్నిటిలో కనిష్ఠమైనది. అంటే 1,499 అన్నది అబద్ధం కాదు. ఎక్కడో, ఏదో ఒక బుధవారం మధ్యాహ్నం, రెండు పట్టణాల మధ్య ఎగిరే విమానంలో ఆ ధరకు కొన్ని సీట్లు ఉండే ఉంటాయి. అబద్ధం కాకపోవడం వేరు, మోసపుచ్చకపోవడం వేరు.

గిరాకీని బట్టి ధర మారడాన్ని నేను మోసం అనను. వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు కె.ఆర్.మార్కెట్‌కు వెళ్లి కనకాంబరాలు, మల్లెలు కొన్న ఏ తెలుగు ఇల్లాలికైనా ఆ సూత్రం ఎవరూ నేర్పనవసరం లేదు. నిన్న పలికిన ధరకు ఇవాళ మూర కూడా రాదు. కానీ పూలమ్మే ఆవిడ ఆషాఢంలో పలికిన ధరను అట్ట మీద పెద్దగా రాసి శ్రావణంలో దుకాణం ముందు పెట్టదు. అడగగానే చెప్పే ధర, చివరకు ఇచ్చే ధర ఒకటే. ఆవిడ అక్షరం ముక్క చదవకుండా పాటిస్తున్న నియమాన్ని, న్యాయవాదుల దళాలు ఉన్న సంస్థల చేత పాటింపజేయడానికి ప్రభుత్వం కావలసి వస్తోంది.

నిజం చెప్పాలంటే నియమాలకు కొదవ లేదు. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 135వ నియమం, నిర్వహణ ఖర్చు, సేవ స్వభావం, సహేతుకమైన లాభం, మార్కెట్టులో ఉన్న ఛార్జీలు చూసుకుని సంస్థలు ధర నిర్ణయించుకోవాలని, దాన్ని బహిరంగంగా ప్రకటించాలని చెబుతుంది. అందుకే ప్రతి సంస్థ వెబ్‌సైటులోనూ ఒక మూల మార్గాలవారీ ఛార్జీల పట్టిక ఉంటుంది. కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం ఉంటుంది గనుక దానివల్ల నియమం నెరవేరడమే గాని ప్రయాణికుడికి ఏమీ తెలియదు. మరో వైపున 2019 వినియోగదారుల రక్షణ చట్టం, ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనే అని నిర్వచించింది. ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు, ఎర వేసే ప్రకటనల గురించి విడిగా మాట్లాడాయి: చూపిన ధరకు అమ్మగలిగే అవకాశం లేకుండా కొనుగోలుదారుని రప్పించకూడదు, షరతులు ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే అక్షరశైలిలో ఉండాలి. ఆ వాక్యం చదివినప్పుడు మా ఇంటి పత్రికలోని తెలుగు ప్రకటన, దాని ఇంగ్లీషు పాదం గుర్తుకొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

2023 నవంబరు 30న ఆ వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థే డార్క్ ప్యాటర్న్స్ పేరుతో పదమూడు రకాల తెర మాయలను నిషేధించింది. వాటికి ఇచ్చిన ఉదాహరణలు చూస్తే, రాసినవారు కూడా విమాన టికెట్టు కొని విసిగినవారేనేమో అనిపిస్తుంది. ప్రయాణ బీమా వద్దన్నవారి చేత రక్షణ లేకుండానే ఉంటానని అనిపించడం సిగ్గుపరచి ఒప్పించడం కింద వస్తుంది. మొదట ఒక ధర చూపి చెల్లించేటప్పుడు మరో ధర వసూలు చేసే డ్రిప్ ప్రైసింగ్‌కు ఇచ్చిన ఉదాహరణ కూడా విమాన టికెట్టుదే. ఇంత స్పష్టంగా పేరు పెట్టి చెప్పిన తరువాత, 2025 జూన్‌లో ఆ సంస్థే ఆన్‌లైన్ వేదికలన్నిటినీ మూడు నెలల్లో తమను తామే తనిఖీ చేసుకోమని సూచించింది. అకౌంట్స్ విభాగంలో పనిచేసే మనిషిగా నాకు ఇది జీర్ణం కాలేదు. మా కంపెనీ పుస్తకాలను మేమే ఆడిట్ చేసుకుంటామంటే ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకుంటుందా? జరిమానా మొదటి తప్పుకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. పెద్ద పత్రికల్లో ఒకే రోజు మొదటి పేజీలు కొనే సంస్థకు అది ఆ ప్రచారం ఖర్చులో ఒక చిన్న పద్దు.

అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టును తిప్పి చూడండి. గరిష్ఠ చిల్లర ధర, అన్ని పన్నులతో కలిపి, అని ఉంటుంది. తూనికలు కొలతల చట్టం కింద వచ్చిన ప్యాకేజీ సరుకుల నియమాలు ఆ మాట లేకుండా ప్యాకెట్టును అమ్మనివ్వవు. మా వీధి చివరి అంగడిలో కొనడానికి వచ్చే పల్లెటూరి కుర్రవాడు కూడా ఆ అంకెకు పైన అడిగితే ఎదురు తిరుగుతాడు. అయిదు రూపాయల దగ్గర అంత నిక్కచ్చిగా ఉన్న రాజ్యం అయిదు వేల దగ్గర చూసీ చూడనట్టు ఊరుకోవడం నాకు అర్థం కాని విషయం.

దానికి కారణం ఒకటి ఉండవచ్చు. ప్రభుత్వానికి కూడా అదే భాష మాట్లాడే అలవాటు ఉంది. కరోనా లాక్‌డౌన్‌లో ఆగిన విమానాలు 2020 మే 25న మళ్లీ మొదలైనప్పుడు ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు తరగతులుగా ఛార్జీలకు హద్దులు పెట్టారు. నలభై నిమిషాల లోపు ప్రయాణానికి 2,000 నుంచి 6,000 రూపాయలు. పత్రికలన్నీ ఆ అంకెలనే వేశాయి. కానీ విమానాశ్రయ రుసుములు, జీఎస్టీ వాటికి అదనం. 2025 డిసెంబరులో ఇండిగో రోజూ వందల సంఖ్యలో విమానాలు రద్దు చేసి, మిగిలిన సంస్థల ఛార్జీలు అందకుండా పోయినప్పుడు, 6వ తేదీన 500 కిలోమీటర్ల లోపుకు 7,500, వెయ్యి లోపుకు 12,000, పదిహేను వందల లోపుకు 15,000, ఆ పైన 18,000 అని పరిమితి విధించారు. అప్పుడు కూడా రుసుములు, పన్నులు బయటే. చిన్న పట్టణాలకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద గంట ప్రయాణానికి 2,500 అని దేశమంతా చాటిన ధర కూడా విమానంలోని సుమారు సగం సీట్లకే. మొత్తం ఎంతో ఒక్క అంకెలో చెప్పడం రాని ప్రభుత్వం సంస్థలకు ఆ పాఠం చెప్పాలంటే ముందు తన నోటీసులు సరిచేసుకోవాలి.

ఆ 2020 హద్దుల వల్ల మరొకటి కూడా తెలిసింది. వాటిలో గరిష్ఠంతో పాటు కనిష్ఠం కూడా ఉంది. అంటే అంతకంటే చౌకగా అమ్మడానికి వీల్లేదు. బలహీనంగా ఉన్న సంస్థలు పోటీలో మునిగిపోకుండా చూడడం దాని ఉద్దేశం. 2022 ఆగస్టు 31న ఎత్తివేసేదాకా ఆ రెండేళ్లలో రాయితీ టికెట్టు కోసం చూసిన మామూలు జనం నష్టపోయారు. అందుకే ఛార్జీలను ప్రభుత్వం నిర్ణయించాలనే వాదన వినిపించినప్పుడల్లా నాకు జంకు కలుగుతుంది. విపత్తు సమయంలో తాత్కాలికంగా పెట్టే గరిష్ఠ పరిమితి వేరు. మామూలు రోజుల్లో నియంత్రించవలసినది ధరను కాదు, ధర గురించి చెప్పే మాటను. ఛార్జీల హెచ్చుతగ్గులు, అదనపు రుసుములపై వేసిన ఒక పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2025 నవంబరులో కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఆ విచారణలో ధరనూ, ధర గురించి చెప్పే మాటనూ విడదీసి చూస్తారని ఆశిస్తున్నాను, ఎందుకంటే కలిపి చూస్తే సంస్థలు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కూడా తప్పించుకుంటాయి.

ఇది సాధ్యం కాని పనేమీ కాదు. ఐరోపా సమాఖ్య 2008లోనే, చెల్లించక తప్పని పన్నులు, రుసుములన్నీ కలిపిన తుది ధరను ఎప్పుడూ చూపాలని నియమం పెట్టింది. ఐచ్ఛిక సేవలు కొనేవాడు ఎంచుకుంటేనే చేరాలి. అమెరికాలో 2012 జనవరి 26 నుంచి ప్రకటనలో ప్రధానంగా కనిపించవలసినది పూర్తి ధరే. అది తమ వాక్ స్వాతంత్ర్యానికి భంగమని కొన్ని సంస్థలు కోర్టుకు వెళ్లి ఓడిపోయాయి. 2014లో ఆ నియమాన్ని సడలించే బిల్లును ప్రతినిధుల సభ ఆమోదించినా సెనేటులో అది ముందుకు సాగలేదు. ఆ బిల్లు పేరులో ‘పారదర్శక’ అన్న మాట ఉండేది! పన్నులు ఎంత ఎక్కువో జనానికి తెలియాలంటే వాటిని విడిగా చూపాలి కదా అని సంస్థల వాదన. విడిగా చూపవద్దని ఎవరూ అనలేదు. కలిపిన మొత్తం కంటే పెద్దగా చూపవద్దన్నారు, అంతే.

మన దగ్గర ఇందుకు కొత్త చట్టం కూడా అక్కరలేదు. 2025 జనవరి 1 నుంచి 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలులోకి వచ్చింది. పాత నియమాలను తిరగరాసే అదను ఇదే. కన్వీనియన్స్ ఫీజుతో సహా తప్పించుకోలేనివన్నీ మొదటి తెరలోని అంకెలోనే ఉండాలని ఒక వాక్యం రాయవచ్చు. ‘నుంచి మొదలు’ అని వేసినవారు ఆ ధరకు ఏయే మార్గాల్లో ఎన్ని సీట్లు పెట్టారో ప్రకటన వెలువడిన రోజునే డీజీసీఏకు తెలిపి తమ వెబ్‌సైటులో పెట్టాలని మరో వాక్యం రాయవచ్చు. అది వ్యాపార రహస్యమని అంటారు. ఏ రోజు ఏ అర ఎప్పుడు తెరుస్తారన్నది రహస్యమే కావచ్చు; ఊరంతా డప్పు కొట్టి చాటిన సరుకు గోదాములో ఎంత ఉందన్నది ఎలా రహస్యమవుతుంది? నా స్నేహితుడు చెప్పినదాని ప్రకారం ఆ సంఖ్య తీయడానికి వారికి కొన్ని నిమిషాలు చాలు.

నేను ఆ సంస్థకు రెండుసార్లు రాశాను. మొదటిసారి, 1,499కి ఎన్ని సీట్లు పెట్టారని అడిగితే, మీ అభిప్రాయం మాకు విలువైనదని జవాబు వచ్చింది. రెండోసారి, షరతులు ఇంగ్లీషులో ఎందుకు ఉన్నాయని అడిగితే, షరతులు వర్తిస్తాయని జవాబు వచ్చింది, అది కూడా ఇంగ్లీషులో.

ఫిబ్రవరిలో ఆ మంగళవారం దేవనహళ్లి విమానాశ్రయంలో మేము ముగ్గురం విమానం ఎక్కాం. సీట్లకు డబ్బు కట్టకపోయినా అమ్మానాన్నలకు పక్కపక్కనే వచ్చాయి. నేను నాలుగు వరుసల వెనుక కూర్చున్నాను. బట్టల కొట్టులో కూర్చున్నన్నాళ్లూ పక్క కొట్టులో ధర ఎంతో కనుక్కునే అలవాటున్న నాన్నగారు, విమానం పైకి లేవగానే పక్కనున్న వారిని ఒక్కొక్కరినీ టికెట్టు ఎంత పడిందని అడగడం మొదలుపెట్టారు. అమ్మ ఎంత వారించినా వినలేదు. కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థికి రెండు వేల తొమ్మిది వందలు, నడవా అవతల కూర్చున్న కంపెనీ ఉద్యోగికి అయిదు వేల ఆరు వందలు, ముందు రోజు రాత్రి కొన్న ఒక పెద్దాయనకు ఏడు వేల చిల్లర పడ్డాయి. గన్నవరంలో చక్రాలు నేలను తాకేదాకా అడిగారు గాని, 1,499 ఇచ్చినవారు ఆయనకు ఒక్కరు కూడా దొరకలేదు.